ఖాళీ ఆర్కెస్ట్రా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఎప్పట్లాగే వెనక వరసల్లో కూర్చున్న మా 1986 పదో తరగతి బ్యాచికి నమస్కారం.

నెల కిందట సంఘం కార్యదర్శి, నాకు స్కూల్లో రెండేళ్లు సీనియరు, ఫోన్ చేసి "ఒరే, నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేలా పావుగంట మాట్లాడు" అన్నాడు. ఇప్పుడేం చేస్తున్నావని పరిచయం చెయ్యమంటావు అని కూడా అడిగాడు. "బార్లలో కరోకే పెడుతున్నానని చెప్పన్నా" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. ఆహ్వాన పత్రికలో మాత్రం 'ప్రముఖ ఇంజనీరు' అని పడింది. ప్రముఖుణ్ని కాను, ఉద్యోగం చేసే ఇంజనీరునీ కాను. కాబట్టి పత్రికలో పడనిదే ఈవేళ చెప్తాను. గురువులు మన్నించాలి.

నేను ఎలక్ట్రికల్ చదివాను. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కంపెనీలో ఇరవై మూడేళ్లు మెయింటెనెన్సు చూశాను. 2020లో లాక్‌డౌన్ సడలించిన కొన్నాళ్లకు ఇక రావద్దని నాలుగు లైన్ల ఈమెయిల్ వచ్చింది. నలభై తొమ్మిదేళ్ల వాణ్ని. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉంది. ఊళ్లో తోట ఉంది కదా అంటారేమో. వజ్రపుకొత్తూరు వైపు మా నాన్న వేసిన జీడి, కొబ్బరి తోట 2018 అక్టోబరు 11న తిత్లీకి పడుకుంది. ఉద్దానంలో ఎవరికీ ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. తిరిగి నాటిన జీడిమొక్కలు నడుమెత్తుకు రాలేదు, కొబ్బరి సంగతి సరేసరి. ఇల్లు ఖాళీ చేసి పలాస వచ్చేశాం.

ఆ రోజుల్లో నాకు మిగిలిన అలవాటు ఒక్కటే, రాత్రి డాబా మీద ఫోన్లో ట్రాకు పెట్టుకుని పాడుకోవడం. 2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయిన రాత్రి రెండింటి దాకా పాడాను. పక్క డాబా మీది రైల్వే ఆయన ఏమీ అనలేదు. మర్నాడు "ఆ రెండోది మళ్లీ ఎప్పుడు పాడతారు?" అని అడిగాడు. ఆయన రిటైర్మెంటు ఫంక్షనే నా మొదటి ప్రోగ్రాము. డబ్బు తీసుకోలేదు. భోజనం పెట్టి, అరకిలో జీడిపప్పు ఇచ్చారు.

కరోకే అంటే తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. ఇది జపాన్ మాట. 'కర' అంటే ఖాళీ, 'ఓకే' అంటే వాళ్ల నోట్లో నలిగిపోయిన ఆర్కెస్ట్రా. వాయిద్యాలన్నీ ఉంటాయి, గాయకుడి చోటు ఖాళీ. కోబే నగరంలో దైసుకే ఇనోయే అనే ఆయన బార్లలో వచ్చినవాళ్లు పాడుతుంటే పక్కన వాయించేవాడు. ఊరు వెళ్తున్న ఒక ఖాతాదారు వెంట రమ్మంటే తాను వెళ్లలేక, టేపు మీద వాయించి ఇచ్చాడట. దాన్నుంచి యంత్రం పుట్టింది. 1971లో పదకొండు పెట్టెలు చేసి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు. ప్రపంచమంతా పాడింది, ఆయనకు మాత్రం రాయల్టీ రాలేదు. 2004లో సరదాగా ఇచ్చే ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకు. అంటే ఈ వ్యాపారం పుట్టడమే బారులో పుట్టింది. నేను పుట్టింది కూడా 1971లోనే, బారులో కాదు గాని.

మరి ఫంక్షన్లు చేసుకోక బారెందుకు? ముహూర్తాలుంటేనే ఫంక్షన్లు. ఆషాఢంలో, మూఢంలో ఇంట్లో కూర్చోవాలి. బారుకు మూఢం లేదు. పలాస, కాశీబుగ్గలకు జీడిపప్పు కొనడానికి పై రాష్ట్రాల వాళ్లు వస్తారు. టెక్కలికి గ్రానైట్ పని మీద వస్తారు. సాయంత్రం ఆరు దాటాక వాళ్లకు గది, గ్లాసు, టీవీ తప్ప ఏముంది? ఈ లెక్కతోనే ఇంటావిడ గాజులు కుదువపెట్టి సామాను కొన్నాను. రెండు పన్నెండు అంగుళాల బాక్సులు, ఎనిమిది ఛానెళ్ల మిక్సరు, రెండు కార్డ్‌లెస్ మైకులు, ఒక వైరు మైకు, సాహిత్యం కనబడ్డానికి టీవీ, స్టెబిలైజరు. లాప్‌టాప్ అమ్మాయిది. మొత్తం లక్షా డెబ్బై వేలు. పదకొండు చోట్ల అడిగాను. హైవే మీద లాడ్జీ కింద ఏసీ హాలున్న ఒక బారు ఓనరు "ఒక శనివారం పెట్టు, చూద్దాం" అన్నారు.

మొదటి రాత్రి గురించి దాచను. స్విచ్ వెయ్యగానే బాక్సుల్లోంచి 'భమ్' అని ఒకటే హోరు. ఓనరు వచ్చి "ఏటండీ ఇది, ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడ్డట్టుంది" అన్నారు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని! టీవీ ఒక గోడ ప్లగ్గులో, మిక్సరు ఇంకో గోడ ప్లగ్గులో పెట్టాను. రెండు ఎర్తుల మధ్య తేడా వస్తే ఆ హోరు వస్తుందని పిల్లాడైనా చెప్తాడు, కంగారులో నాకు తట్టలేదు. అది సర్దేసరికి మైకు కుయ్యోమని కూసింది, బాక్సులు గాయకుడి వెనక పెట్టాను కాబట్టి. నాలుగు పాటలు నేనే పాడాను. మూలనుంచి ఒకాయన "బాబూ, క్రికెట్ పెట్టవా?" అన్నాడు. పెట్టాను. పదింటికి సామాను ఆటోలో వేసుకుంటుంటే ఓనరు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి, "పై వారం వద్దులెండి" అన్నారు.

ఇంటికొచ్చి, కంపెనీలో మిషను ఆగిపోతే రాసే లాగ్‌బుక్కులాగే అన్నీ రాశాను. ఏ టైముకి ఏం జరిగింది, ఎందుకు జరిగింది. రాస్తుంటే తెలిసింది. హోరు, కూత తప్పులే గాని, అసలు తప్పు అవి కాదు. నాలుగు పాటలూ బాగా పాడేశాను. అంత బాగా పాడేవాడి తర్వాత మైకు ఎవరు పట్టుకుంటారు? బారుకు గాయకుడు అక్కర్లేదు. పాడాలనుండీ సిగ్గుపడే మనిషికి తోడు కావాలి.

మంగళవారం మళ్లీ వెళ్లాను. "నాలుగు శనివారాలు ఊరికే పెడతాను, ఐదో శనివారం మీ ఇష్టం" అన్నాను. పోయేదేముందనుకున్నారో ఏమో, సరే అన్నారు.

అప్పట్నుంచి చీటీల పద్ధతి పెట్టాను. టేబులు మీద కాగితం, పెన్సిలు. పాట పేరు రాస్తే చాలు, మనిషి పేరు ఇష్టముంటేనే. ఒకరికి ఒక పాట, అందరూ అయ్యాకే రెండోది, ఎంత పెద్ద కాంట్రాక్టరైనా సరే. మొదటి పాట నేనే పాడతాను, అదీ మధ్యరకంగా. ఘంటసాల గారి పాట అందరికీ ఇష్టం, ఆయన శ్రుతి ఎవరికీ అందదు. అందుకని చీటీ ఇచ్చినవాడు మాట్లాడే గొంతు విని, చెప్పకుండానే ట్రాకును రెండు మెట్లు దించేస్తాను. పై స్వరం అందగానే మనిషి ముఖం చూడాలి! తనకు ఇంత గొంతుందని ఆ నిమిషం దాకా తెలీదు. మూడో పెగ్గు దాటినవాళ్లకు కార్డ్‌లెస్ ఇవ్వను, వైరు మైకే ఇస్తాను. వైరు పొడుగు వరకే తిరుగుతారు. ఈ కిటుకు ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చెప్పరు. ఇంకో మాట, ఇక్కడ కుర్రాళ్లు చాలామంది బ్లూటూత్ స్పీకరుతో మొదలెడతారు. గొంతు గాలిలో ఆలస్యంగా తిరిగొస్తుంది, తాళం తప్పుతుంది, పాడేవాడు తప్పు తనదే అనుకుంటాడు. వైరు వాడండి. మన తీరంలో ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి, వారానికోసారి తుడవండి.

మూడో శనివారం. ఏసీ హాల్లో భోజనానికని ఒక పెద్దాయన, మేనల్లుడితో వచ్చారు. మందస వైపు ఊరు. ఆయన టేబులు మీద మందు లేదు, నీళ్ల గ్లాసు కూడా సగమే. చేతి మీద డయాలసిస్ సూదుల గుర్తులు. మన ప్రాంతంలో ఆ గుర్తులు చూస్తే ఎవరూ ఏమీ అడగరు. చీటీ మీద 'హరిశ్చంద్ర, కాటిసీను' అని రాసి పంపారు. నా దగ్గర ఎనిమిది వందల ట్రాకులున్నాయి, అది లేదు. ఉండదు కూడా. పద్యానికి తాళం కట్టు లేదు కదా, రాగం తియ్యడం పాడేవాడి ఊపిరిని బట్టి. ఒకప్పుడు మన ఊళ్లలో హార్మోనిస్టు ఆయన వెంట నడిచేవాడు. నేను లాప్‌టాప్‌లో తంబురా ఒక్కటి పెట్టి, ఆయన కూనిరాగం విని శ్రుతి కలిపాను.

మొదటి పాదం ఎత్తారు. రెండో పాదం మధ్యలో ఊపిరి ఆగిపోయింది. మైకు దించి, కుర్చీ పట్టుకుని, నిలబడ్డారు. ట్రాకు అయ్యుంటే ఆయన్ని వదిలేసి ముందుకెళ్లిపోయేది. తంబురా అక్కడే మోగుతూ ఉంది. అరనిమిషం తర్వాత ఆగిన చోటనుంచే అందుకుని, చివర రాగం తీసి వదిలారు. గ్లాసు చప్పుడు లేదు. వెనక టేబులు నుంచి ఎవరో, నాటకాల్లో అన్నట్టే "వన్స్ మోర్" అన్నారు. ఆయన చెయ్యూపి, వద్దు, ఊపిరి లేదని నవ్వారు. ఆ రాత్రి తొమ్మిదింటికి లేచే టేబుళ్లు పదిన్నర దాకా లేవలేదని నా లాగ్‌బుక్కులో ఉంది. ఓనరు దగ్గరా అదే లెక్క ఉంది, ఆయన బిల్లులు చూస్తారు. "ఐదో శనివారం దాకా ఎందుకు, శనివారం మీదే" అన్నారు.

ఆ తర్వాత టెక్కలిలో గురువారం కుదిరింది. ఇప్పుడు నెలకు తొమ్మిది, పది రాత్రులు, రాత్రికి మూడున్నర వేలు. కార్తీకంలో ఉద్దానం తోటల్లో వనభోజనాలు. గాజులు విడిపించాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మా అమ్మ ఊరుకోదు. నాకు ఫీజు బదులు మందు అమ్మకం మీద శాతం ఇస్తామని ఒకచోట అడిగారు. లెక్క వేస్తే రెట్టింపు వస్తుంది. ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే నా చూపు పాడేవాడి గొంతు మీద కాదు, గ్లాసు మీద ఉంటుంది. అయినా నా కూలి ఆ గల్లాపెట్టె లోంచే వస్తోందని నాకు తెలుసు. అమ్మ మొదట్లో "తాగుడుకొట్టులో పాడతావేట్రా, మీ నాన్నుంటే ఏమనేవోడు?" అని నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆమెకు జవాబు నా దగ్గర ఇప్పటికీ పూర్తిగా లేదు. మత్తుగా ఉన్నవాడికి మైకిచ్చే ముందు, ఇంటికెలా వెళ్తున్నావని అడుగుతాను. బండి తాళం నా మిక్సరు పక్కన పెట్టిస్తాను. చేయగలిగింది అంతే.

హక్కుల సంగతి కూడా ఇందులోదే. పాట రాసినవారి, బాణీ కట్టినవారి తరఫున ఐపీఆర్ఎస్, రికార్డింగుల తరఫున పీపీఎల్ లైసెన్సులిస్తాయి. పెళ్లి వేడుకకు కాపీరైటు చట్టంలో మినహాయింపు ఉంది, బారుకు లేదు. ఓనర్లు గునుస్తారు. ఇనోయే గారి కథ చెప్తాను, కొందరు కడతారు. కట్టని చోట నేను సామాను దించను. ఇక వాయిద్యకారుల మాట. మన జిల్లా తులగాం నుంచి వెళ్లిన జి. ఆనంద్ గారు 'స్వరమాధురి' బృందంతో వేల కచేరీలు చేశారు. 2021లో కోవిడ్ ఆయన్ని తీసుకుపోయింది. అలాంటి బృందంలో పదిమందికి అన్నం దొరికేది. నా పెట్టె ఆ పదిమంది చోటు ఆక్రమించిందనే మాట నిజం. టెక్కలిలో పని తగ్గిన ఒక కీబోర్డు తమ్ముడు ఇప్పుడు నాకు భాగస్వామి, నెలకోసారి కరోకే ఆపి చేత్తో వాయిస్తాడు. ఆ రాత్రి జనం ఎక్కువే వస్తారు.

రెండేళ్లు ఈ పని మన బ్యాచి గ్రూపులో చెప్పలేదు. ఎవడో వీడియో తీసి పెట్టాడు. నవ్వు బొమ్మలు, దండాల బొమ్మలు వచ్చాయి. ఒకడు మాత్రం "ఇంజనీరింగ్ సీటు వృథా" అని రాశాడు. ఆ రాత్రి ఫోన్ ఆపేసి పడుకున్నాను. పొద్దున్న ఆన్ చెయ్యగానే మన తెలుగు మాస్టారు. వేదిక మీదే ఉన్నారు, ఆయనకు ఎనభై మూడు. "వీడియో చూశాన్రా" అన్నారు. నేను లేచి నిలబడ్డాను, ఫోన్లోనే. "శ్రుతి బాగుంది. రెండో చరణంలో 'శ'ని 'స' అన్నావు. పదో తరగతిలోనూ ఇదే తప్పు" అన్నారు. బారు గురించి ఒక్క ముక్క అనలేదు.

మందస పెద్దాయన ఏడు నెలలు వచ్చారు. పోయిన కార్తీకం తర్వాత రాలేదు. మేనల్లుడు అప్పుడప్పుడూ వస్తాడు. చీటీ రాయడు. తంబురా పెట్టమంటాడు, కాసేపు విని వెళ్లిపోతాడు.

సభ ముగిశాక సామాను ఇదే ఆవరణలో, వేపచెట్టు కింద దించుతున్నాను. ఆరుబయట మైకు రాత్రి పది వరకే, రూలు. చీటీలు హెడ్మాస్టరు గారి గది ముందు బల్ల మీద ఉన్నాయి. గురువుల పేర్లు నేనే ముందు రాసేశాను. తెలుగు మాస్టారికి తంబురా సిద్ధంగా ఉంది. వెనక వరసల వాళ్లకు వైరు మైకే.