మత్రా మూసిన రోజులు: మనవాళ్ళకు అందినవి, అందనివి

(సంఘం సర్వసభ్య సమావేశంలో సేవా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మా ప్రసంగాన్ని సరిగ్గా అన్నప్రసాదానికి ముందు పెట్టారు. పులిహోర వాసన ఇక్కడి దాకా వస్తోంది. అయినా ఒక పావుగంట ఓపిక పట్టమని మనవి.

పోయిన సమావేశంలో ఒక ప్రశ్న వచ్చింది. కరోనా పోయి చాలాకాలమైంది కదా, ఈ సేవా బృందం ఇంకా ఎందుకు, ఆపద నిధిలో మిగిలిన డబ్బు ఉత్సవాల ఖాతాలో కలిపేస్తే పోలేదా అని. అడగదగ్గ ప్రశ్నే. 2021 తర్వాత మస్కట్ వచ్చిన కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో ఇక్కడ ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు. తెలిసిన మనం కూడా మరిచిపోతున్నాం. అందుకే జవాబు కొంచెం వెనక నుంచి మొదలుపెడతాం.

ఒమాన్‌లో మొదటి రెండు కేసులు 2020 ఫిబ్రవరి 24న బయటపడ్డాయి. మార్చి 18 నుంచి మసీదులతో పాటు మిగతా మతాల ప్రార్థనా స్థలాలన్నీ మూశారు. పాత మస్కట్‌లోని మోతీశ్వర్ మందిరం, దార్సైత్‌లోని కృష్ణ మందిరం రెండూ మనకు మూతబడ్డాయి. మార్చి 25న ఉగాది. ఎవరి పచ్చడి వాళ్ళింట్లోనే. వేపపువ్వు దాచుకున్నవాళ్ళు వేసుకున్నారు, లేనివాళ్ళు కాకరకాయ ముక్కతో కానిచ్చారు. పంచాంగ శ్రవణం ఫోన్లో విన్నాం. అప్పటికే ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మార్చి 29 నుంచి ఒమాన్ కూడా ఆపింది. ఏప్రిల్ 1న మత్రా విలాయత్‌ను దిగ్బంధం చేశారు. మర్నాడు శ్రీరామనవమి.

పిల్లలకు మత్రా అంటే కార్నిష్, సూక్, రేవులో ఓడలు. పాలన లెక్కలో చూస్తే రూవి, హమరియా, వాదీ కబీర్, దార్సైత్ అన్నీ మత్రాయే. అంటే గుడి, ఇండియన్ సోషల్ క్లబ్, మనవాళ్ళు ఎక్కువగా ఉండే రూములు, మెస్సులు అన్నీ ఆ గీత లోపలే. ఏప్రిల్ 10 నుంచి మస్కట్ గవర్నరేట్ మొత్తానికి రాకపోకలు ఆపారు. మే 29న మిగతా మస్కట్‌ను తెరిచినా మత్రాను మాత్రం అప్పుడే తెరవలేదు.

అల్ ఖువైర్‌లోనో సీబ్‌లోనో సొంతంగా రెండు గదుల ఫ్లాటున్న కుటుంబాలకు అది విసుగు పుట్టించే కాలం. హమరియాలో ఒక గదిలో ఎనిమిది మంది, ఒక్క బాత్రూమ్ ఉన్నవాళ్ళకు దూరం పాటించడమనేది ఎలాగో చెప్పేవాళ్ళే లేరు. రోజుకూలి ఆగింది. మార్చి నెలాఖర్లోనే మనీ ఎక్స్ఛేంజీలు మూయించి, ఆ పని బ్యాంకులే చెయ్యాలన్నారు. బ్యాంకు ఖాతా లేని మనిషికి చేతిలో నాలుగు రియాళ్ళున్నా ఇంటికి పంపే దారి లేదు. జగిత్యాలలోనో రాయచోటిలోనో వడ్డీకి అప్పిచ్చినవాడు మాత్రం నెల తిరక్కుండా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ దేశం మనకు తలుపు మూయలేదు. ఏప్రిల్ 9న సుల్తాన్ హైతమ్ ఆదేశంతో, పౌరులకే కాదు, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళకు కూడా కోవిడ్ పరీక్ష, చికిత్స ఉచితం చేశారు. కాగితాలు లేనివాళ్ళు వచ్చినా చూస్తాం, అందుకోసం వచ్చినవాళ్ళ మీద చర్య ఉండదు అని ఆరోగ్య శాఖ చెప్పింది. మత్రాలో పరీక్షా కేంద్రాలు తెరిచారు. సంపన్న దేశాలు కూడా అన్నీ అంత తొందరగా ఆ మాట అనలేదు.

మరి మనవాళ్ళు వెళ్ళారా? మొదటి వారాల్లో చాలామంది వెళ్ళలేదు.

హమరియాలో ఒక రూము సంగతి చెబుతాం. అందరూ కరీంనగర్ వైపు మేస్త్రీలు. ఒకాయనకు నాలుగు రోజులుగా జ్వరం. ఆయన బతాకా గడువు దాటి రెండేళ్ళయింది. మనవాళ్ళ భాషలో ఖల్లివల్లి. పట్టుకుంటే జైలు, ఆపైన ఇంటికి పంపేస్తారు, అప్పు అలాగే ఉంటుంది. అందుకని రూమువాళ్ళే ఆయనను లోపల దాచారు. మాలో ఒకరు ఫోన్ చేసి ఉచితం అన్నారు, డాక్టర్లు మంచివాళ్ళన్నారు, మందులిస్తారన్నారు. ఆయన అవేవీ పట్టించుకోలేదు. "అక్కడ పోలీసు ఉంటడా అన్నా?" అని ఒక్కటే అడిగాడు. ఆరోగ్య శాఖ ప్రకటనను తెలుగులో చెప్పి, ఎవరెవరు వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చారో ఊళ్ళ పేర్లతో సహా వినిపించి, మూడోసారి ఫోన్ చేశాక గానీ కదల్లేదు. పాజిటివ్ వచ్చింది. ఐసొలేషన్‌లో ఉంచి, నయమయ్యాక పంపించారు. పోలీసు ఊసే లేదు. ఆ తర్వాత ఆ రూములో మిగిలిన ఏడుగురికీ మేం నచ్చజెప్పాల్సిన పని పడలేదు. ఆయనే చెప్పుకున్నాడు.

ప్రకటన అరబిక్‌లో వచ్చింది, ఇంగ్లీషులో వచ్చింది, కొన్నాళ్ళకు హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళంలో కూడా ఫోన్లలో తిరిగింది. తెలుగులో అది వినిపించాలంటే తెలుగు మనిషే నోరు విప్పాలి. మేం చేసిన పనిలో పెద్ద పని అదేనని మా అభిప్రాయం. ఎక్కువమందికి గుర్తున్నది మాత్రం బియ్యం ప్యాకెట్లు.

ప్యాకెట్లను తక్కువ చెయ్యడం లేదు. రాయబార కార్యాలయం, ఇండియన్ సోషల్ క్లబ్, దాని భాషా విభాగాలు, ఒమానీ ధార్మిక సంస్థలు, అందరూ ఆదుకున్నారు. కొన్ని రూములకు గోధుమపిండి సంచులు చేరాయి. రొట్టె చెయ్యడం వచ్చినవాడు ఆ అంతస్తులోనే లేడు. పక్క రూములో పంజాబీలకు పిండి ఇచ్చి, వాళ్ళకొచ్చిన బియ్యం పప్పు తెచ్చుకున్నారు. మత్రా మూసివున్న రోజుల్లో ఇంత చక్కగా జరిగిన వ్యాపారం ఇంకోటి లేదు.

విమానాల దగ్గరికి వద్దాం. వందే భారత్ కింద మస్కట్ నుంచి మొదటి విమానం మే 9న కొచ్చికి వెళ్ళింది. మన విమానాలు ఆ తర్వాత వచ్చాయి. టికెట్ డబ్బు ప్రయాణికుడిదే. ఎవరు ముందు అన్నది రాయబార కార్యాలయం దగ్గర నమోదైన వివరాలను బట్టి. గర్భిణులకు, జబ్బుపడ్డవాళ్ళకు, ఉద్యోగం పోయినవాళ్ళకు మొదటి వరస. నమోదు ఇంగ్లీషులో, ఆన్‌లైన్‌లో. ఒకే ఫోన్ నంబరుతో ఆరుగురు నమోదు చేసుకున్న రూములున్నాయి. పిలుపు వచ్చిన రోజున ఆ ఫోన్ ఎవడి జేబులో ఉందో వాడికి తప్ప మిగతావాళ్ళకు సంగతే తెలియదు. మన యువకులు ముగ్గురు రాత్రిళ్ళు కూర్చుని ఆ వివరాలు విడదీసి మళ్ళీ పంపారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు కెనడాలో ఉన్నారు, ఒకరు ఇక్కడే వెనక వరసలో తల దించుకుని కూర్చున్నారు.

కోనసీమ తల్లుల సంగతి ఇంకా చిక్కు. ఇళ్ళలో పనికి వచ్చినవాళ్ళు. ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి పంపడానికి ఇండియా అనుమతించదు. అందుకని ఏజెంట్లు విజిట్ వీసా మీద తెచ్చారు. అలా వస్తే ఈ-మైగ్రేట్‌లో పేరుండదు, బీమా ఉండదు. పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో. అంటే మన దేశం లెక్కలో ఆమె వలస రానేలేదు, ఈ దేశం లెక్కలో పనిలోనే లేదు. 2020 నవంబరు 15న కార్మిక శాఖ జరిమానాలు లేకుండా దేశం విడిచే అవకాశం ఇచ్చినప్పుడు అలాంటివాళ్ళకు ఊపిరొచ్చింది. మొదట డిసెంబరు 31 దాకా అన్నారు, తర్వాత మళ్ళీ మళ్ళీ పొడిగించారు. ముందు ఆన్‌లైన్‌లో నమోదు, పాస్‌పోర్టు లేకపోతే రాయబార కార్యాలయం నుంచి ఔట్‌పాస్, తర్వాత పీసీఆర్ పరీక్ష, టికెట్, విమానం వేళకు చాలా గంటల ముందే ఎయిర్‌పోర్టులో కార్మిక శాఖ గదికి హాజరు. వీటిలో ఒకటి తప్పినా మళ్ళీ మొదటికే. మన తల్లులు కొందరు ఆ మెట్లు ఒక్కొక్కటీ వాళ్ళ చెయ్యి పట్టుకుని ఎక్కించారు. చెయ్యి పట్టుకుని అని ఊరికే అనడం లేదు, ఒకామెకు లిఫ్టు ఎక్కడం కూడా భయమే.

ఇంతవరకు అందినవి. అందనివాటిలో అన్నిటికన్నా పెద్దది జీతం బాకీ.

2020 ఏప్రిల్ నెల మధ్యలో, దెబ్బతిన్న కంపెనీలు విదేశీ కార్మికులను తీసేసి ఇంటికి పంపవచ్చని, అయితే బాకీలన్నీ తీర్చాలని సుప్రీం కమిటీ చెప్పింది. కంపెనీలకు మొదటి సగం బాగా వినపడింది. అప్పటి చట్టం ప్రకారం సర్వీసు ముగింపు సొమ్ము మొదటి మూడేళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల. తొంభై రియాళ్ళ మూల వేతనంతో తొమ్మిదేళ్ళు చేసిన ఒకాయన లెక్క వేసి చూశాం. మొదటి మూడేళ్ళకు 135, తర్వాత ఆరేళ్ళకు 540, మొత్తం 675 రియాళ్ళు. అప్పటి మారకంలో లక్షా ముప్పై వేల రూపాయల దాకా. ఆయన మా దగ్గరికి వచ్చేసరికే అరబిక్ కాగితం మీద సంతకం పెట్టేశాడు. టికెట్ ఇస్తారని పెట్టమన్నారట. అందులో "నాకు రావలసిందంతా ముట్టింది" అని ఉంది. చదవగలిగినవాడు ఆ క్షణాన ఆయన పక్కన లేడు. ఇంటికి చేరాక రెండుసార్లు ఫోన్ చేశాడు. చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇంటికి చేరనివాళ్ళూ ఉన్నారు. కోవిడ్‌తో పోయినవాళ్ళ దేహాలు ఊళ్ళకు వెళ్ళలేదు. సొహార్ శ్మశానంలో కార్యం జరుగుతుంటే ఇక్కడివాడెవడో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, అక్కడ భార్యాబిడ్డలు చూశారు. ఇంతకుమించి దాని గురించి మాట్లాడలేం. ఆ తర్వాతి కాగితాల సంగతి మాత్రం చెప్పాలి. మనవాళ్ళకు తప్పనిసరిగా చేయించే ప్రవాసీ భారతీయ బీమాలో 275 రూపాయల ప్రీమియానికి పది లక్షలు ఉన్నమాట నిజమే. కానీ అది ప్రమాదంలో పోతేనే. జబ్బుతో పోతే ఆ పది లక్షలు రావు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఐదు లక్షలు ఇస్తామని 2024లో ఉత్తర్వు ఇచ్చింది, 2023 డిసెంబరు 7 తర్వాతి మరణాలకు. కోవిడ్ కాలం దాని కిందికి రాదు. ఈ తేడాలు తెలియక, పోయినవాడి ఇంటివాళ్ళను ఆఫీసుల చుట్టూ ఊరికే తిప్పినవాళ్ళు ఉన్నారు. ఎక్కడ వస్తుంది, ఎక్కడ రాదు అన్నది ముందే చెప్పడం కూడా సాయమే.

ఇప్పుడు నిధి సంగతి. ఒమాన్‌లో అనుమతి లేకుండా చందాలు వసూలు చెయ్యడం నేరం. అందుకే ఆ నిధి కోసం మేం బయట ఎవరినీ ఒక్క బైసా అడగలేదు. అది మన సభ్యత్వ రుసుములోంచి పక్కన పెట్టిన సొమ్ము, పెద్దదేం కాదు. ఉత్సవాల ఖాతాలో కలిపితే రెండు పూటల పూలదండల ఖర్చు. విడిగా ఉంచితే ఔట్‌పాస్ రుసుము, అనువాదం ఖర్చు, టాక్సీ, ఎవరికైనా టికెట్‌లో తక్కువపడ్డ ఇరవై రియాళ్ళు. విడిగానే ఉంచమని మేం కోరుతున్నాం. మహమ్మారి పోయింది గానీ, పైన చెప్పిన చిక్కుల్లో ఒక్కటి కూడా మహమ్మారి తెచ్చింది కాదు. అవి అప్పటికే ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

నియమాలు మాత్రం కొన్ని మంచికి మారాయి. 2021 జనవరి 1 నుంచి ఒప్పందం ముగిసినవాడు ఎన్ఓసీ లేకుండా వేరే కంపెనీకి మారవచ్చు. 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టంలో సర్వీసు ముగింపు సొమ్ము ఏడాదికి ఒక నెల మూల వేతనం అయింది. 2025 ఫిబ్రవరి 1న కార్మిక శాఖ మళ్ళీ ఒక సడలింపు గడువు మొదలుపెట్టింది. వీటిలో ఏదైనా హమరియా రూములో మేస్త్రీకి తెలుసా అని అడిగి చూడండి. మేం అడిగాం. ఎన్ఓసీ మాట ఇద్దరికి తెలుసు, మిగతావి ఎవరికీ తెలియవు.

అందుకని ఒక పుస్తకం మొదలుపెట్టాం. గుడికి వచ్చే కార్మిక సోదరులు, తల్లులు ఇష్టపడితే పేరు, ఊరు, ఇంటి దగ్గర ఒక ఫోన్ నంబరు, బతాకా గడువు తేదీ రాసుకుంటాం. పాస్‌పోర్టు మొదటి పేజీ, పని ఒప్పందం ఫోటో తీసి వాళ్ళ ఫోన్లోనే కాక ఇంటివాళ్ళ ఫోన్లో కూడా పెట్టిస్తాం. సంతకం పెట్టే ముందు కాగితం ఫోటో పంపమని చెబుతాం. ఆ పుస్తకం ఎవరికీ చూపం, బీరువాలో తాళం వేసి ఉంటుంది.

మాకు కావలసింది మనుషులు. అరబిక్ చదవగలిగినవాళ్ళు ప్రస్తుతం ఇద్దరే. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో ఇంకా ఉంటారు, తల్లిదండ్రులు కాస్త ముందుకు తొయ్యాలి. శుక్రవారం సాయంత్రం హారతి అయ్యాక చెప్పుల స్టాండు పక్కన బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటాం. ఒక్కొక్క పేటకు ఒక్కొక్క కుటుంబం పేరు రాసుకుంటున్నాం. రూవికి ఇద్దరు ఇచ్చారు, హమరియాకు ఒకరు. వాదీ కబీర్‌కు ఇంకా ఎవరూ లేరు.