భూమి ముందరి కానరాని తరంగము

(ప్రసంగ పాఠము)



వరద దినములలో గోదావరి వంతెనను చూచినవారికి, ఎదురువచ్చిన నీరు స్తంభము ముందర ఉబ్బి, విల్లువలె వంగి, ఇరుప్రక్కలకు చీలిపోవుట తెలియును. భూమికిని ముందర అట్టి విల్లొకటి కలదు.

సూర్యుని నుండి విద్యుదావేశము గల కణములు సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో ఎడతెగక ప్రవహించుచుండును. ఇదియే సౌరపవనము. భూమికి సూర్యుని వైపున సుమారు 90,000 కిలోమీటర్ల దూరమున ఇది హఠాత్తుగా మందగించి వేడెక్కును. ఆ హద్దునే శాస్త్రజ్ఞులు ఆఘాత తరంగమందురు.

ఇచ్చటనే చిక్కు కలదు. నీటిలో అణువులు ఒండొంటిని ఢీకొనుచుండును. సౌరపవనమో మిక్కిలి పలుచన. ఘన సెంటీమీటరునకు కొలదిపాటి కణములే. ఒక కణము మరియొకదానిని ఢీకొనవలెనన్న ఇంచుమించు సూర్యునికిని భూమికిని గల దూరమంత పయనింపవలెను. ఢీకొనుటయే లేనిచోట ఆఘాతమెట్లు పుట్టును? అయినను తరంగముండునని 1962లో శాస్త్రజ్ఞులు ఊహించిరి. 1963 నవంబరులో ఎగసిన ఎక్స్‌ప్లోరర్-18 ఉపగ్రహము దానిని కనుగొనెను.

ఢీకొనుట చేయవలసిన పనిని విద్యుదయస్కాంత క్షేత్రములు చేయుచున్నవి. వచ్చిన అయాన్లలో కొన్ని తరంగము కడనుండి వెనుకకు మరలును. అయస్కాంత క్షేత్రము వానిని గిరగిర త్రిప్పి, అధిక శక్తితో మరల లోనికి పంపును. క్షేత్రరేఖలు తరంగమును నిటారుగా గ్రుచ్చుకొనిన చోట మాత్రము, మరలిన అయాన్లు ఆ రేఖల వెంట సూర్యుని వైపునకు దూరముగా పోయి, ఎదురువచ్చు ప్రవాహమున అలజడి లేపును. ఆ అలజడియే ప్రవాహపు వేగమును వేడిమిగా మార్చుటకు తోడ్పడును.

ఈ తరంగము నిలుకడ లేనిది. సౌరపవనపు ఒత్తిడి మారినకొలది ముందు వెనుకలకు జరుగుచుండును. తాను తరంగమును దాటెనో, తరంగమే తనను దాటెనో ఒంటరి ఉపగ్రహము చెప్పజాలదు. కావుననే 1977లో జంట ఉపగ్రహములను, 2000లో క్లస్టర్ అను నాలుగింటిని పంపిరి.

1989 మార్చిలో సౌర తుపాను వలన కెనడాలోని క్వెబెక్‌లో సుమారు 9 గంటలు విద్యుత్తు నిలిచిపోయెను. అట్టి తుపాను సైతము భూమిని చేరుటకు ముందు ఈ తరంగమును దాటవలసినదే. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌక, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, ఈ తరంగమునకు ఎంతో ముందుగా సౌరపవనపు అయాన్లను కొలుచుటకు నియుక్తమైనది. తరంగము మార్చిన పిదప కణము లెట్లుండునో తెలిసికొనుటకు, మార్పునకు మునుపు అవి యెట్లుండెనో తెలియవలెను గదా!