పదం పలికే గిటార్



సెలవులొస్తే పిల్లలు అడిగేవాటిలో ఈమధ్య ఎలక్ట్రిక్ గిటార్ కూడా చేరింది. మన కార్వేటినగరంలో ఉన్నవాళ్ళకు దారులు రెండు. తిరుపతికో మద్రాసుకో వెళ్ళి దుకాణంలో చేత్తో పట్టుకుని చూడ్డం ఒకటి, ఫోన్‌లో నొక్కి ఇంటికి తెప్పించుకోవడం ఇంకొకటి. ఏ దారిన వచ్చినా సరే, పది పదిహేను వేల లోపు గిటార్‌లో ఏ లోపాన్ని సర్దుకోవచ్చు, ఏ లోపం కనిపిస్తే అక్కడే వదిలేసి రావాలి అన్నది తెలిస్తే డబ్బు దండగ కాదు.

అమ్మేవాళ్ళు ముందుగా చెక్క గురించి, రంగు గురించి చెబుతారు. ఆ మాటలు విని పక్కన పెట్టండి. ఎలక్ట్రిక్ గిటార్‌కు సాధారణంగా పొట్టలో బోలు ఉండదు. తీగల కింద పికప్ అని ఉంటుంది, అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన బిళ్ళ. పైన ఉక్కు తీగ కదిలితే ఆ కదలికే కరెంటుగా మారి యాంప్లిఫయర్‌కు పోతుంది. 1940 ప్రాంతంలో అమెరికాలో లెస్ పాల్ అనే వాద్యకారుడు నాలుగంగుళాల పైన్ దుంగకు మెడ బిగించి, తీగలు కట్టి వాయించాడు. చూడ్డానికి గిటార్‌లా ఉండాలని తర్వాత రెండు పక్కలా చెక్కలు తగిలించాడు. చెక్కకు పాత్రే లేదని నేను అనను. కానీ ఈ ధరలో బాస్‌వుడ్డా, పాప్లరా అన్న తేడా కన్నా మెడ తిన్నగా ఉందా లేదా అన్న తేడా వంద రెట్లు ఎక్కువ.

చెక్క మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. మెడ మీద వేళ్ళు ఆడే పట్టీకి ఒకప్పుడు రోజ్‌వుడ్డే ఎక్కువగా వాడేవాళ్ళు, అంటే మన జిట్టేగి. 2017లో అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం ఆ జాతి చెట్లన్నిటి వ్యాపారానికీ అనుమతి పత్రాలు పెట్టింది. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు గానీ, ఈలోగా చౌక గిటార్ల కంపెనీలు వేరే చెక్కలు వెతుక్కున్నాయి. అలా వచ్చిందే ఇండియన్ లారెల్, మన నల్లమద్ది. అది తక్కువ రకమేం కాదు, దాన్ని చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. మన కొండల ఎర్రచందనం మాత్రం వాద్యాల్లో జపాన్ షామిసెన్ మెడకు పేరుపడింది. పది వేల గిటార్‌కు ఎర్రచందనం అని ఎవరైనా చెబితే, ఎర్ర రంగు పూశారని అర్థం చేసుకోండి.

ఇక మెడ. గిటార్‌ను బుగ్గకు ఆనించుకుని, వడ్రంగి చెక్క అంచు చూసినట్టు, ఒక కన్ను మూసి తల వైపు నుంచి కిందికి చూడండి. రెండంచులూ సమానంగా సాగాలి. ఒక అంచు లేచి, రెండోది వంగి కనిపిస్తే మెడ మెలి తిరిగిందన్నమాట. దాన్ని బాగుచేయించే ఖర్చుకు ఇంకో గిటారే వస్తుంది, అక్కడే పెట్టేసి రండి. మెలి లేకపోతే ఆరో తీగను, అంటే లావుదాన్ని, మొదటి మెట్టు మీద ఒక చేత్తో, ఆఖరి మెట్టు మీద ఇంకో చేత్తో నొక్కిపట్టి, ఏడో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగుంది. బియ్యపు గింజ దూరేంత ఉంటే మెడ ముందుకు వంగింది. అసలు సందే లేకపోతే వెనక్కి వంగి ఉండొచ్చు. ఈ వంపులు మెడ లోపలున్న ఇనుప కడ్డీని అలెన్ కీతో పావు చుట్టు తిప్పితే చాలావరకు సర్దుకుంటాయి. కడ్డీ తిరుగుతోందో లేదో కొనకముందే దుకాణం మనిషి చేత తిప్పించి చూడండి. బిగుసుకుపోయి ఉంటే ఆ గిటార్ మనకొద్దు.

తర్వాత బొటనవేలు మెడ అంచుమీద పైనుంచి కిందికి జార్చండి. ఇది ఎండాకాలంలో తప్పకుండా చేయాలి. తేమ ఉన్న చోట తయారైన చెక్క మన మే నెల ఎండకు కొద్దిగా కుంచించుకుంటుంది, మెట్ల లోహం కుంచించుకోదు. దాంతో మెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి వేలికి గీరుకుంటాయి. గీరుకుంటే కంగారు పడొద్దు, సన్న ఆకురాయితో గంటసేపు పని. మెట్లు ఎత్తుపల్లాలుగా ఉంటే మాత్రం అది వేరే సంగతి. వీణ మెట్లు మైనంలో కూర్చోబెట్టినవి, కరిగించి మళ్ళీ సరిచేసుకోవచ్చు. గిటార్ మెట్లు చెక్కలోకి కొట్టినవి. అందుకని ప్రతి తీగ మీదా ప్రతి మెట్టూ నొక్కి, యాంప్లిఫయర్‌కు తగిలించకుండానే, నెమ్మదిగా మీటుతూ పోండి. మెడ పొడవునా జిరజిరమంటే తీగలు మరీ కిందికి ఉన్నట్టు, స్క్రూడ్రైవర్‌తో ఎత్తొచ్చు. ఒక్కచోటే జిరజిరమని, దాని పక్క మెట్టు శుభ్రంగా పలికితే అక్కడ మెట్టు లేచి ఉంది. అలాంటివి రెండు మూడు తగిలితే ఇంకో పీసు అడగండి. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు కూడా ఒకలా రావు.

ఇప్పుడు అసలు పరీక్ష. కుర్రాళ్ళు దుకాణంలో వేగంగా నాలుగు ముక్కలు వాయించి బాగుందంటారు. వేగంలో లోపాలు దాక్కుంటాయి. మన ఊరి సారంగపాణిని తలుచుకోండి. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట కార్వేటినగరం సంస్థానంలో ఉండి, వేణుగోపాల ముద్రతో పదాలు రాసిన వాగ్గేయకారుడు. పదమంటే చౌకకాలం, ఒక్కో స్వరం మీద నిలబడి, జారి, ఊగి పోవాలి. ఆయన పదం ఒకటి వస్తే దాని పల్లవి, రాకపోతే తెలిసిన ఏ నెమ్మదైన పాటైనా వాయించండి. మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తోందో వినండి. కొన్ని మెట్ల మీద స్వరం చటుక్కున ఆరిపోతుంటే గుర్తుపెట్టుకోండి. తర్వాత సన్న తీగను పన్నెండు నుంచి పదిహేనో మెట్టు దాకా ఒక్కోచోట నొక్కి, పక్కకు లాగి, పూర్తి స్వరం పైకి తీసుకెళ్ళండి. మధ్యలోనే నాదం చచ్చిపోతే ఆ గిటార్ మీద గమకం కష్టం. తీగలు కొంచెం ఎత్తితే ఆ లోపం పోతుందేమో అక్కడే ఎత్తించి చూడండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చిన్న ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు ఐదు కట్టుకుని, దాని మీదే కచేరీలు చేశారు. గమకం కోసం వాద్యాన్ని మార్చుకున్నారాయన. మనం కనీసం గమకానికి లొంగే వాద్యం ఎంచుకోవచ్చు కదా. లాగడానికి సన్న తీగల సెట్టు, తొమ్మిది నంబరుది, తేలిక. తీగ మోగే పొడుగు కూడా చూడండి. ఇరవై అయిదున్నర అంగుళాల కొలతకన్నా ఇరవై నాలుగు ముప్పావు కొలతలో తీగ మెత్తగా సాగుతుంది.

శ్రుతి విషయం త్వరగా చెప్పేస్తాను. పన్నెండో మెట్టు మీద తీగకు వేలు ఊరికే ఆనించి మీటి తీస్తే ఒక సన్నని నాదం వస్తుంది. అదే మెట్టును నొక్కి మీటండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుంటే రెండూ ఒకటేనా కాదా చూపిస్తుంది. నొక్కిన స్వరం పైకి పోతే బ్రిడ్జి మీద, అంటే పొట్ట మీద తీగలు ఆనే చోట, ఆ తీగ కింది ముక్కను స్క్రూ తిప్పి వెనక్కి జరపాలి, కిందికి ఉంటే ముందుకు. ఇది లోపంగా లెక్కపెట్టకండి. బిరడాలు తిప్పేటప్పుడు తల దగ్గర టిక్‌మని శబ్దమొస్తే తీగ అక్కడ ఆనే నట్ గాడిలో ఇరుక్కుంటోంది, గాడిలో పెన్సిల్ గీస్తే చాలు.

ఇప్పుడు వైరు తగిలించండి. సన్నటి పికప్ ఒకే చుట్టదైతే, ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కన గుయ్‌మంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్ అదే. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు చుట్టలు ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఆ రొదను రద్దుచేసే హంబకర్ కనిపెట్టాడు. ఊళ్ళో ఇంట్లో వాయించేవాళ్ళకు బ్రిడ్జి దగ్గర ఒక హంబకరైనా ఉన్నది మేలని నా అభిప్రాయం. గుయ్‌మంటుండగా చేత్తో తీగలు ముట్టుకోండి. రొద తగ్గితే లోపలి ఎర్త్ వైరు సరిగ్గా ఉంది. తగ్గకపోతే బ్రిడ్జికి పోయే వైరు ఊడి ఉండొచ్చు, సోల్డరింగ్ పని. చెయ్యి జివ్వుమంటే మాత్రం వెంటనే స్విచ్ ఆపేయండి.

ఇక్కడ కొంచెం ఆగుతాను. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్లిఫయర్ ఒంటికి, అక్కడినుంచి ప్లగ్గులో మూడో పిన్నుకు కలుస్తాయి. పాత ఇళ్ళలో ఆ మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, వెనక ఎర్త్ ఉండదు. చాలామంది రెండు పిన్నుల అడాప్టర్ పెట్టి నెట్టుకొస్తారు. అలాంటప్పుడు చేతులు తీగల మీద ఉండగా పెదవి మైకుకు తగిలితే కరెంటు ఒంట్లోంచి పోవచ్చు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వీ అనే గిటారిస్టు, ఎర్త్ లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు. జాతరల్లో జనరేటర్ మీద నడిచే ఆర్కెస్ట్రాలు ఇది గుర్తుపెట్టుకోవాలి. గిటార్‌తోపాటు ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలిచి ఇంటి ఎర్త్ చూపించుకోండి.

యాంప్లిఫయర్‌కు డబ్బు మిగుల్చుకోండి. గిటార్, యాంప్లిఫయర్, సంచి, పట్టీ అన్నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మేవాటిలో స్పీకరు అరచేతంత ఉంటుంది, దాంట్లో మంచి గిటారూ రేకు డబ్బాలాగే మోగుతుంది. దుకాణంలో పెద్ద యాంప్లిఫయర్‌కు తగిలించి వినిపిస్తే, మీరు ఇంటికి తీసుకెళ్ళబోయే చిన్నదానికే తగిలించమని అడగండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. వాపసు గడువులోపే ఈ పరీక్షలన్నీ చేయండి. వాల్యూమ్, టోన్ గుండ్లు తిప్పుతుంటే కరకరమంటే కాస్త దుమ్ము పట్టి ఉండొచ్చు. వైరు గుచ్చే జాక్ ఊగుతుంటే దాని నట్టు బిగించండి. ఈ రెంటికోసం వెనక్కి పంపక్కర్లేదు. వచ్చిన తీగలు పాతబడి ఉంటాయి, కొత్తవి వేసి, రెండు రోజులు సాగనిచ్చి, అప్పుడు మళ్ళీ ఏడో మెట్టు దగ్గర ఆ విజిటింగ్ కార్డు పెట్టి చూడండి.