జవానూ, కిసానూ ఒక ఇంటివాళ్లే
(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



1965లో లాల్ బహదూర్ శాస్త్రి గారు జై జవాన్, జై కిసాన్ అన్నారు. మన శ్రీకాకుళం పల్లెల్లో ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్లే. అన్న నాగలి పడితే తమ్ముడు తుపాకీ పట్టాడు. తెల్లారకముందే రోడ్డు మీద పరుగు తీసే కుర్రాళ్లు ఎవరి బిడ్డలు? ఎకరం, రెండెకరాల రైతుల బిడ్డలు, కౌలుదారుల బిడ్డలు. వాళ్లకు దేశభక్తి ఉంది, ఇంటి అవసరమూ ఉంది. వాన మొహం చాటేసిన ఏడాది మన సాగును నిలబెట్టింది మిలటరీ జీతం, ఆ తర్వాత పెన్షన్.

2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ తెచ్చి ఆ పెన్షన్ తీసేసింది. అంతకుముందు సిపాయి 15 ఏళ్లు చేస్తే బతికినంత కాలం పెన్షన్. ఇప్పుడు నాలుగేళ్ల కొలువు. నూటికి 25 మందికి మించి ఉంచరు, మిగతావాళ్లు ఇంటికే. పోయేటప్పుడు 11.71 లక్షలు ఇస్తామంటున్నారు. లెక్క చూడండి. మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలు, అందులో 9 వేలు కోత. నాలుగేళ్లలో మన బిడ్డ జీతం నుంచి కోసిందే 5 లక్షల పైన. ప్రభుత్వం అంతే కలిపి, వడ్డీ చేర్చి ఇస్తుంది. అంటే సగం మన డబ్బే.

విధుల్లో ప్రాణం పోతే 48 లక్షల బీమా, ఎక్స్‌గ్రేషియా ఉన్నాయి, కాదనం. కానీ రెగ్యులర్ సిపాయి కుటుంబానికి వచ్చే పెన్షన్ లేదు. కాపలా ఒకటే, తగిలే తూటా ఒకటే. సిపాయిలు మాత్రం రెండు రకాలా?

పెన్షన్ల ఖర్చు మోయలేమంటారు. 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఆ మాట ఎవరూ అనలేదే! ఉన్నవాడికి రాయితీ, లేనివాడికి కోత. ఈ నిర్ణయాలు చేసేవాళ్ల ఇళ్ల నుంచి ఎంతమంది సిపాయిలుగా వెళ్లారో ఓట్లకు వచ్చినప్పుడు అడుగుదాం.

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో పోలీసు కాల్పుల్లో ఒక పల్లెటూరి యువకుడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడాన్ని మేము సమర్థించం. ఆ కడుపుమంటను మాత్రం అర్థం చేసుకుంటాం. వారం తిరిగేసరికి, జూన్ 24న, సంయుక్త కిసాన్ మోర్చా దేశమంతా నిరసనకు పిలుపిచ్చింది. ఇది రైతు సమస్య కనుకే ఇచ్చింది.

ఆర్మీలో తొలి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణకు వెళ్లింది. వాళ్ల నాలుగేళ్లు నిండితే నలుగురిలో ఒక్కడికే కొలువు. తక్కినవాళ్లు మళ్లీ మన అప్పుల చేలోకే వస్తారు. అందుకే ప్రతి గ్రామ కమిటీ తమ ఊళ్లో అగ్నివీరుల ఇళ్లకు వెళ్లాలి. వాళ్ల తల్లిదండ్రులను మన ధర్నాకు తీసుకురావాలి. మద్దతు ధర డిమాండు పక్కనే సిపాయి పెన్షన్ డిమాండూ రాయాలి.

జై జవాన్! జై కిసాన్!