ఒకే మందు, వేరు వేరు ఒళ్ళు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. సర్వీసంతా ఫైళ్ళు మోసిన గుమస్తాను. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కోచింగ్ పిల్లల మధ్య ఇంత చోటు సంపాదించుకుని చదివినదీ, తెలిసిన డాక్టర్లను అడిగి సరిచూసుకున్నదీ మాత్రమే మనవి చేస్తాను. నా మాట విని ఎవరూ ఏ మాత్రా మానవద్దు.

"ఆయనకు పడిన మందు నాకు పడలేదు" అని మనం తరచు అనుకుంటూ ఉంటాం. అందులో ఎలర్జీ ఒక రకం. నేను చెప్పబోయేది వేరొక రకం.

మందు ఒంట్లోకి పోవడమంటే ఇన్‌వార్డులో తపాలు పడినట్టు. దాన్ని పరిష్కరించే సీటు ఎక్కువ భాగం లివరులో ఉంటుంది. అక్కడి గుమస్తాలను ఎంజైములంటారు. గుమస్తా మరీ చురుకైతే మందు పని చేయకముందే ఫైలు మూసేస్తాడు. నిదానస్తుడైతే పెండింగు పేరుకుపోయి, మామూలు మోతాదే అధిక మోతాదు అవుతుంది. కొన్ని మందుల సంగతి తలకిందులు. లివరు సంతకం పెడితేనే అవి అమల్లోకి వస్తాయి. గుండెకు స్టెంటు వేసినవారికి ఇచ్చే క్లోపిడోగ్రెల్ అటువంటిదే. ఆ సంతకం చేసే ఎంజైము పుట్టుకతోనే పనిచేయనివారికి ఈ మందు చాలినంత ఫలితం ఇవ్వదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో పెట్టెకట్టి మరీ హెచ్చరిక వేయించింది.

ప్రతి సీటుకూ ఇద్దరు గుమస్తాలుంటారు. ఒకరు తండ్రి పంపినవారు, ఒకరు తల్లి పంపినవారు. ఒకరు పని చేయకపోయినా రెండోవారు సాధారణంగా లాక్కొస్తారు. ఇద్దరూ పనికిరాకపోతేనే అసలు చిక్కు.

ఇక మన తెలుగువారి సంగతి. ఆపరేషనుకు మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను వదులు చేసే ఇంజక్షను ఒకటుంది. పేరు సక్సామెథోనియం. డాక్టర్లు స్కోలిన్ అంటారు. 1950ల నుంచి వాడుకలో ఉంది. ఊపిరి తీసే కండరాలు కూడా దానితో ఆగుతాయి, కాని కొద్ది నిమిషాలే. రక్తంలో తిరిగే కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని విరిచేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతో లేనివారికి ఆ కొద్ది నిమిషాలు గంటలవుతాయి. ఇది వంశపారంపర్యమని టొరాంటోలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త 1950లలోనే తేల్చాడు. ఇటువంటి విషయాల అధ్యయనానికి 1959లో జర్మనీకి చెందిన ఫోగెల్ ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు.

ఈ లోపం ఇతరులలో చాలా అరుదు. మన వైశ్య సోదరులలో మాత్రం సుమారు 100 రెట్లు ఎక్కువని, మన సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్ గారు, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో రాశారు. అంతకు ముందే, 2006లో, కోయంబత్తూరు పరిశోధకులు వైశ్య కుటుంబాలలో ఆ జన్యుదోషాన్ని గుర్తించారు. ఎంజైములో 307వ స్థానంలో ఉండవలసిన ల్యూసిన్ పోయి ప్రోలిన్ వచ్చింది. అంతే! జి.ఓ.లో ఒక్క అక్షరం తప్పు పడితే ఏమవుతుందో మనకు తెలియనిదా?

కారణం కులం గొప్పా కాదు, తక్కువా కాదు. 2009లో లాల్జీ సింగ్ గారు కూడా పాల్గొన్న పరిశోధన ప్రకారం, రెండు మూడు వేల ఏళ్ళ కిందట ఈ సమాజం కొద్దిమంది పూర్వీకులతో మొదలై, అప్పటి నుంచి పెళ్ళిళ్ళు లోపల లోపలే చేసుకుంటూ వచ్చింది. ఆ కొద్దిమందిలో ఎవరికో ఉన్న అక్షరదోషం లక్షలమందికి నకలు పడింది. గోత్రాలు వేరు చూసుకుంటున్నాం కదా అనవచ్చు. మూలపురుషులే కొద్దిమంది అయినప్పుడు గోత్రం వేరైనా దోషం ఒకటే కావచ్చు. మేనరికమైతే ఇంకొంచెం దగ్గర. ఇటువంటివి, వేరే వేరే దోషాలతో, చాలా కులాలలో ఉన్నాయని ఆ శాస్త్రజ్ఞులే చెప్పారు గనుక ఎవరూ ఎవరినీ చూసి నవ్వనక్కరలేదు.

మా వీధిలోని ఒక వైశ్య మిత్రుడికి హెర్నియా ఆపరేషను అయింది. గంటలో బయటికి తెస్తామన్నారు. నాలుగు గంటలు దాటినా తేలేదు. ఊపిరి తిరిగి రాలేదు, మిషను మీద ఉంచాం అన్నారు. బయట ఆ ఇల్లాలి అవస్థ నేను చెప్పలేను. సాయంత్రానికి తానే ఊపిరి తీశాడు. ఎవరో ఒక డాక్టరు "ఈయనకు ఆ ఇంజక్షను పడదమ్మా" అని నోటిమాటగా చెప్పి వెళ్ళారట. డిశ్చార్జి కాగితాలలో ఒక్క ముక్క లేదు! రాతలో లేనిది ఆఫీసులో జరగనట్టే కదా. రెండేళ్ళకు ఆయన తమ్ముడికి పిత్తాశయం ఆపరేషను, వేరే ఆసుపత్రిలో. ఆ ఇల్లాలు ఆ మాట గుర్తుపెట్టుకుని పట్టుబట్టి మరిదికి పరీక్ష చేయించింది. ఎంజైము దాదాపు లేదు. మత్తు డాక్టరు వేరే మందు వాడారు, ఇబ్బంది లేకుండా ఇంటికి వచ్చాడు. ఆమె మరిచిపోయి ఉంటే? తల్లిదండ్రులిద్దరిలోనూ చెరొక దోషం ఉంటే, పిల్లలలో ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కనుక ఒకరికి తేలితే అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్ళూ అందరూ చూపించుకోవాలి.

మత్తుమందు విషయంలో మన ఊరికి పాత చరిత్రే ఉంది. 1888, 1889లలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదన్నది సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదన. క్లోరోఫారం సంగతిలో అది తప్పని తరువాత తేలింది. స్కోలిన్ విషయంలో మాత్రం ఊపిరి కనిపెట్టుకుని ఉండడమే వైద్యం. మిషను మీద ఉంచి, మెలకువ రాకుండా మత్తు కొనసాగిస్తే మందు దానంతట అదే దిగుతుంది. ఎంజైము లేనందువల్ల రోజువారీ జీవితంలో ఏ బాధా లేదు. అందుకే ఆపరేషను బల్ల ఎక్కేదాకా తెలియదు.

పరీక్ష పేరు సీరం కోలినెస్టరేజ్. మామూలు రక్తపరీక్షే. లివరు జబ్బున్నా, పురుగుమందు సోకినా కూడా తగ్గుతుంది గనుక అంకె చూసి భయపడక డాక్టరుకు చూపించండి. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు వచ్చి పలకరిస్తారు. మనవాళ్ళు ఆ సమయంలో బిల్లు సంగతి అడుగుతారు! అప్పుడే "మా ఇంట్లో ఫలానా వారికి మత్తు తరువాత ఊపిరి ఆలస్యమైంది" అని చెప్పాలి. అది డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి. ఏ మందైనా వికటిస్తే కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ వారి ఉచిత ఫోను 1800-180-3024కు మనమే తెలియజేయవచ్చు.

పడని మందుల పేర్లు రాసుకునే చిన్న కార్డు ఒకటి తెలుగులో, ఇంగ్లీషులో టైపు చేయించి తెచ్చాను. పి.పి.ఓ. జిరాక్సుతో పాటు పర్సులో పడుతుంది. ప్రతులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, వెళ్ళేటప్పుడు ఇంటికి రెండేసి తీసుకోండి.