ఒకే దారిలో వేల చుట్లు

 

జర్మన్ రేసర్ సబీనే ష్మిట్స్ పేరును చాలా దేశాలకు చేర్చింది ఒక సరుకుల వ్యాను. 2004లో బీబీసీ కార్ల కార్యక్రమం ‘టాప్ గేర్’ కోసం దాని వ్యాఖ్యాత జెరెమీ క్లార్క్‌సన్ ఒక డీజిల్ జాగ్వార్‌లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌ను 9 నిమిషాల 59 సెకన్లలో చుట్టివచ్చారు. ఆ టైము తాను వ్యానులోనే తెస్తానన్నారు సబీనే. ముందు అదే జాగ్వార్‌ను 9 నిమిషాల 12 సెకన్లలో తిప్పి చూపించారు. మరుసటి ఏడాది ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యానులో దిగారు. 10 నిమిషాల 8 సెకన్లు పట్టింది. పందెం పోయింది. కానీ సామాన్లు మోసే బండి చేత అంత పని చేయించగలిగిన నేర్పు ఎక్కడిది?

ఆ దారిలోంచే వచ్చింది. ఐఫెల్ కొండల అడవుల మధ్య 1927లో తెరిచిన ఆ పాత ట్రాక్ పొడవు 20.8 కిలోమీటర్లు, మలుపులు 70కి పైనే. ఒక కొసన ఎండ కాస్తుంటే ఇంకో కొసన వాన పడుతుంది. రేసర్ జాకీ స్టీవర్ట్ అంతటివాడు దాన్ని పచ్చని నరకమన్నాడు.

1969లో పుట్టిన సబీనే ఆ ట్రాక్ పక్కనే, తల్లిదండ్రుల హోటల్లో పెరిగారు. ఆమె శిక్షణ పొందిందీ హోటల్ పనిలోనే. అక్కచెల్లెళ్లు ముగ్గురూ రేసుల్లోకి దిగినా, చివరిదాకా నిలిచింది ఈమె ఒక్కరే. 1996లో బీఎండబ్ల్యూ ఎం3తో నూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసు గెలిచారు. ఆ రేసు గెలిచిన మొదటి మహిళ ఆమే. 1997లో మళ్లీ గెలిచారు. 1998లో అక్కడి ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్ కూడా ఆమెదే.

ఇన్ని గెలిచాక ఆమె టాక్సీ నడిపారు! డబ్బు కట్టిన సందర్శకులను పక్కన కూర్చోబెట్టుకుని, బీఎండబ్ల్యూ ‘రింగ్ టాక్సీ’లో అదే ట్రాక్‌ను ఏళ్ల తరబడి చుట్టారు. మొత్తం మీద 20,000 చుట్లు దాటి ఉంటాయని అంచనా. కప్పుల కన్నా ఈ చుట్లే ఆమె అసలు చదువని నా నమ్మకం. ఈ రోజు పట్టాలు అందుకున్న మీకు రేపు మొదటి ఉద్యోగంలో నిన్నటి పనే మళ్లీ ఎదురైతే, దయచేసి ఈమెను తలచుకోండి.

2015లో వరల్డ్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ నూర్‌బర్గ్‌రింగ్‌కు వచ్చినప్పుడు, 46 ఏళ్ల వయసులో అందులోనూ పోటీపడి పదో స్థానంతో ఒక పాయింటు సాధించారు. 2017 చివర్లో క్యాన్సర్ పట్టుకుంది. 2021 మార్చి 16న కన్నుమూశారు. ఆ ఏడాదే ట్రాక్‌లో మొదటి మలుపుకు ఆమె పేరు పెట్టారు. తోటి రేసర్ క్లాస్ ఆబెలెన్‌తో కలిసి ఆమె నెలకొల్పిన ఫ్రికాడెల్లి రేసింగ్ జట్టు 2008లో ఆమెతోనే 24 గంటల రేసులో మూడో స్థానం దాకా వచ్చింది. ఆ జట్టే 2023లో ఫెరారీతో 162 చుట్లు తిరిగి, రికార్డు దూరంతో, మొదటిసారి ఆ రేసు గెలిచింది.