పాలు మాన్పించిన వారం



పందుల గురించి మాట్లాడతానంటే కొందరు అప్పుడే నవ్వుతున్నారు. మా హాస్టల్లో ఒకమ్మాయి అప్లికేషన్‌లో తండ్రి వృత్తి దగ్గర ‘కూలి’ అని రాసింది. వాళ్ళ నాన్న పందులు పెంచుతాడు. నేనేమీ అనలేదు. ఆ వయసులో నేనూ అలాగే రాశాను. నా టీచర్ ట్రైనింగ్ ఫీజు మాత్రం పందిపిల్లలు అమ్మి కట్టాల్సిందే. ఆ ఏడు ఈతలో తొమ్మిది పిల్లలు. పాలు మాన్పించిన వారానికే పారుడు పట్టి అయిదు పోయాయి. అమ్మ కడియాలు అమ్మి ఫీజు కట్టింది. పేటలో దిష్టి అన్నారు. దిష్టి కాదు, తిండి.

తల్లిపంది పాలలో కొవ్వు నూటికి ఏడెనిమిది పాళ్ళు. ఆవుపాలలో నాలుగే. పుట్టిన పిల్ల ఒంట్లో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి వెచ్చదనమైనా, బరువైనా ఆ పాలతోనే. అలాంటి పిల్లను ఒక్కరోజులో కుడితికి తిప్పుతాం. పేగు లోపలి గోడకు నూగులాంటి మొలకలుంటాయి, తిండి సారం పీల్చేవి అవే. పాలు మానిన కొద్ది రోజుల్లోనే అవి పొట్టివైపోతాయి. కొవ్వును అరిగించే రసమూ తగ్గుతుంది. అరగని తిండి మీద క్రిములు పెరుగుతాయి.

కొబ్బరినూనెలోని కొవ్వు అణువులు చిన్నవి, లేత పేగుకు తేలిగ్గా అరుగుతాయి. అందులోని లారిక్ ఆమ్లం కొన్ని చెడు క్రిములను అణుస్తుంది కూడా. సోయా నూనె ఫరవాలేదు. కసాయి కొట్టు కొవ్వు పెద్దపందికి అరిగినట్టు పిల్లకు అరగదు. నూనె ఖరీదు నాకూ తెలుసు. కిలో దాణాకు 20, 30 గ్రాములు చాలు, అదీ రెండు మూడు వారాలే. ధారాళంగా పోస్తే మళ్ళీ పారుడే.

అసలు చేటు, ఊరికే వస్తుందని తెచ్చే నల్లబడిన బజ్జీల నూనె. దానివల్ల పేగు దెబ్బతింటుంది, పిల్ల ఎదగదు. తవుడులోనూ నూనె ఉంటుంది, మిల్లు ఆడించిన కొద్ది రోజులకే ముక్కిపోతుంది. అందుకే వారానికి సరిపడా తెచ్చుకోండి. హోటల్ ఎంగిలి అరగంటైనా మరగబెట్టకుండా పెట్టొద్దు, మాంసం ముక్కలుంటే అసలే వద్దు. 2020లో ఈశాన్యంలో బయటపడ్డ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు మందు లేదు.

బల్ల మీద రెండు పొట్లాలు పెట్టాను. ఒకటి నిన్నటి తవుడు, ఒకటి నెల కిందటిది. వెళ్ళేటప్పుడు వాసన చూసి, ఏది ఏదో నాకు చెప్పి వెళ్ళండి.